"14 రోజుల కిట్" ఎన్ని రోజులు వస్తుంది? మహమ్మారి వేళ గుమ్మానికి చేరే సాయంపై సమీక్ష

సంచి మీద "రెండు వారాలకు" అని రాసి ఉంటుంది. విప్పి చూస్తే 10 కిలోల ధాన్యం, కిలో పప్పు, లీటరు నూనె, కిలో పంచదార, అరకిలో ఉప్పు. ఐదుగురున్న ఇంటికి ఇది ఎన్నాళ్లు వస్తుందో లెక్క వేయడం కష్టమేమీ కాదు. ధాన్యం ఏదైనా కిలోకు సుమారు 3,500 కిలోకాలరీలు, పప్పు కిలోకు 3,400, నూనె లీటరుకు 8,000, పంచదార కిలోకు దాదాపు 4,000. అన్నీ కలిపితే 50,400. విపత్తు సాయంలో మనిషికి రోజుకు 2,100 కిలోకాలరీలు అన్నది ప్రపంచమంతా వాడే ప్రమాణం. ఐదుగురికి రోజుకు 10,500 కావాలి. ఐదో రోజు రాత్రికల్లా సంచి ఖాళీ. కోవిడ్ సోకినవారితో కలిసి ఉన్నందుకు 14 రోజులు గడప దాటొద్దని చెప్పిన కుటుంబం మిగతా తొమ్మిది రోజులూ ఏం తినాలి?

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అని పేర్కొంది. 2023 మే 5న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఈ మధ్యకాలంలో ఇరుగుపొరుగు కలిసి నడిపిన సేవలు చాలా రకాలు: సరుకుల కిట్, వండిన భోజనం, చేతికి నగదు, మందుల చేరవేత, ఆక్సిజన్ యంత్రాల అరువు, ఫోన్ పలకరింపు. మరో మహమ్మారి వస్తే మళ్లీ వీటితోనే పని. అందుకే ఒక్కో సేవ ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది ఇక్కడ చూస్తున్నాం. అన్నిటికీ మేము వాడిన కొలత ఒకటే: సాయం అందిన పదో రోజున ఆ ఇంట్లో ఏం మిగిలి ఉంటుంది?

సరుకుల కిట్

ముందు సరైన పరిమాణాలు చూడండి. ఒక మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, 50 గ్రాముల పోషకాలు కలిపిన పిండి, 15 గ్రాముల పంచదార, 5 గ్రాముల అయోడిన్ ఉప్పు వేస్తే 2,100కు దగ్గరగా వస్తుంది. ఐదుగురికి 14 రోజులకు ఇదే లెక్కన ధాన్యం 28 కిలోలు, పప్పు 4.2 కిలోలు, నూనె దాదాపు రెండు లీటర్లు, పిండి మూడున్నర కిలోలు, పంచదార కిలో పైచిలుకు, ఉప్పు 350 గ్రాములు. మొత్తం 39 కిలోల బరువు. చాలామంది నిర్వాహకులు ఇక్కడే వెనకడుగు వేసి, ఒక మనిషి మోయగలిగిన బరువుకు కిట్‌ను కుదిస్తారు. కుదించడంలో తప్పు లేదు, సంచి మీద రోజుల సంఖ్యను మాత్రం అలాగే ఉంచేస్తారు. అది నమ్మిన ఇల్లాలు పొదుపు చేయడం ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక చిక్కుల్లో పడుతుంది.

దీనికి మేలైన దారి రెండు విడతలుగా ఇవ్వడం. మొదటి రోజు 20 కిలోలు, ఏడో రోజు 20 కిలోలు. మోత తేలికవుతుంది. అంతకంటే ముఖ్యం, ఏడో రోజున ఎవరో ఒకరు ఆ గుమ్మం దాకా వెళ్లి తీరతారు. జ్వరం తగ్గిందా, ఎవరికైనా ఆయాసం వస్తోందా, పసిబిడ్డ పాలు తాగుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఒక్కసారే ఇచ్చి చేతులు దులుపుకునే సేవకు మేము ఐదుకు రెండు మార్కులే ఇస్తాం. రెండో విడత ఉన్న సేవ, సరుకు కాస్త తక్కువైనా సరే, నాలుగుకు అర్హం.

అందరికీ ఒకే సైజు సంచి ఇవ్వడం మరో పొరపాటు. ఒంటరిగా ఉండే ముసలమ్మకు 14 రోజులకు కావలసిన ధాన్యం 5.6 కిలోలే. 10 కిలోలిస్తే సగం పురుగు పడుతుంది. ఎనిమిదిమంది ఉన్న ఇంట్లో అదే సంచి మూడు రోజులకు మించి ఆగదు. "ఒక మనిషికి ఒక వారం" అన్న పొట్లాన్ని కొలతగా పెట్టుకుంటే ఈ బెడద తీరుతుంది: ధాన్యం 3 కిలోలు, పప్పు అరకిలో, నూనె 200 మిల్లీలీటర్లు. ఇంట్లో ఎంతమందో అన్ని పొట్లాలు. నూనెను అంత చిన్నగా ప్యాక్ చేయలేకపోతే ఇద్దరు ముగ్గురికి కలిపి అరలీటరు ప్యాకెట్ సరిపోతుంది. ప్రభుత్వం నుంచి ధాన్యం ఇప్పటికే అందుతున్న ఇల్లయితే మళ్లీ ధాన్యమే మోసుకెళ్లడం దండగ. ఆ డబ్బుతో పప్పు, నూనె, సబ్బు పెంచాలి. ఈ సంగతి అడగకుండా తెలియదు.

పప్పు ఎంపికలో వంటచెరకు లెక్క కూడా ఉంది. పొట్టుతో ఉన్న గింజలు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, బద్దలు త్వరగా ఉడుకుతాయి. పని పోయిన ఇంట్లో బియ్యం అయిపోయేలోపే గ్యాసో కట్టెలో అయిపోవచ్చు. "పొయ్యికి ఏముంది?" అని అడగని కిట్ సేవలో అదే పెద్ద లోటు.

సబ్బు విషయంలో పిసినారితనం వద్దు. ఒక మనిషికి నెలకు ఒంటి సబ్బు 250 గ్రాములు, బట్టల సబ్బు 200 గ్రాములు అన్నది సహాయ సంస్థల ప్రమాణం. ఐదుగురికి 14 రోజులకు రెండూ కలిపి కిలో పైమాటే. ఒక్క సబ్బుబిళ్ల పడేసి "హైజీన్ కిట్" అనడం సరికాదు. నెలసరి ప్యాడ్లు అడిగితే ఇస్తామంటే కుదరదు, ఎందుకంటే తలుపు దగ్గర నిలబడ్డ వలంటీరును ఎవరూ అడగరు. అవి సంచిలో ముందే ఉండాలి.

సర్దడంలోనూ కొన్ని మెలకువలున్నాయి. సబ్బును, బ్లీచింగ్‌ను వేరే సంచిలో పెట్టాలి, లేదంటే పిండికి ఆ వాసన పట్టి పిల్లలు ముద్ద నోట్లో పెట్టరు. నూనె ప్యాకెట్ అడుగున పడితే బరువుకు అతుకు దగ్గర పగులుతుంది, దాంతో పంచదార, ఉప్పు రెండూ పాడు. నూనెను విడిగా ఒక కవర్లో కట్టి, అన్నిటికీ పైన నిలువుగా పెట్టాలి. లోపల ఏమేమి ఎంతెంత ఉన్నాయో ఒక చీటీ, దాని మీదే ఫోన్ నంబరు. చీటీ ఉంటే మధ్యలో ఎవరైనా తీసుకున్నా తెలిసిపోతుంది.

ఒక వస్తువు మాత్రం సంచిలో ఉండకూడదు. అది పాలపొడి. జాలిపడి అందరికీ డబ్బాలు పంచే సేవలుంటాయి. శుభ్రమైన నీరు, సీసా మరిగించే వసతి లేని ఇంట్లో ఆ పాలు బిడ్డకు విరేచనాలు తెస్తాయి. తల్లి పాలు తాగించడం తగ్గిస్తే పాలు పడటం కూడా తగ్గుతుంది. తల్లి పాలకు బదులుగా వాడే ఉత్పత్తుల మార్కెటింగ్ మీద 1981 నుంచే అంతర్జాతీయ నియమావళి ఉంది. తల్లికి కోవిడ్ సోకినా మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తల్లి లేని బిడ్డకో, వైద్యుడు రాసిన బిడ్డకో విడిగా ఏర్పాటు చేయాలి. అది కూడా నాలుగు రోజులకు ఇచ్చి ఆపేసేలా ఉండకూడదు.

ఇక పిచికారీ గొడవ. 2020 మొదటి నెలల్లో ప్యాకెట్ల మీద, సంచుల మీద, చివరికి మనుషుల మీద కూడా మందు కొట్టారు. మనుషుల మీద క్రిమిసంహారకాలు చల్లవద్దని ఆ ఏడాది మే నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. వైరస్ ప్రధానంగా గాలి ద్వారా, దగ్గరి మాటల తుంపర్ల ద్వారా వ్యాపిస్తుంది. కాబట్టి సరుకులు సర్దే చోట కిటికీలు తెరిచి ఉంచడం, వీలైతే ఆరుబయట సర్దడం, సర్దేవాళ్లు మాస్కు తీయకపోవడం, జ్వరమున్న వలంటీరును ఇంటికి పంపేయడం అసలు జాగ్రత్తలు. బల్లలు, గొళ్లేలు తుడవడానికి 0.1 శాతం క్లోరిన్ ద్రావణం చాలు. 5 శాతం బ్లీచ్ ఒక వంతుకు 49 వంతుల నీళ్లు. ఏరోజుది ఆరోజే కలపాలి. బాత్రూం కడిగే యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు పుడుతుంది.

జాబితా ఎవరి చేతిలో ఉంది

సరుకు ఎంత బాగున్నా జాబితా తప్పయితే సేవ తప్పుతుంది. కార్డులు చూసి జాబితా రాస్తే కార్డు లేనివాళ్లు పోతారు: అద్దెకుండేవాళ్లు, పనికోసం ఊరు దాటి వచ్చినవాళ్లు, భర్త పేరు మీదే కాగితాలున్న ఒంటరి ఆడవాళ్లు, గుర్తింపు పత్రమే లేని ముసలివాళ్లు. ఇంటి యజమానిని అడిగితే వెనక గదిలో ఉండేవాళ్ల పేరు చెప్పడు. "మీ కుటుంబంలో ఎంతమంది?" అని అడిగితే ఊళ్లో ఉన్న కొడుకును కూడా కలిపి చెబుతారు, ఇంట్లోనే ఉన్న మేనకోడలిని మరిచిపోతారు. "ఒకే పొయ్యి మీద ఇవాళ ఎంతమంది తిన్నారు?" అని అడగండి. జవాబు సూటిగా వస్తుంది.

ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు చాలు. అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణి, బాలింత ఉన్నారా? రోజూ మందులు వేసుకునేవారెవరు? మంచం దిగలేనివారున్నారా? ఆఖరుసారి కూలి చేతికొచ్చి ఎన్ని రోజులైంది? ఆదాయం ఎంత అని అడిగే ఫారాలు పెద్దగా పనికిరావు. రోజు కూలీ ఇంట్లో ఆదాయం ఒకే రాత్రిలో సున్నా అవుతుంది, ఫారంలో నిరుటి అంకె ఉంటుంది.

జాబితాను వాట్సాప్ గ్రూపులో పెట్టడం క్షమించలేని పొరపాటు. పేరు, ఫోన్ నంబరు, పక్కన "పాజిటివ్" అన్న మాట బయటకు పోతే ఆ ఇంటికి పని దొరకదు, అద్దె ఇల్లూ దొరకదు. గుమ్మం దగ్గర వలంటీరుకు ఇంటి గుర్తు, పొట్లాల సంఖ్య తెలిస్తే చాలు. ఫొటోల గురించి ఒక్క మాట: లెక్క చూపించడానికి సంచుల ఫొటో సరిపోతుంది. తీసుకునే మనిషి ముఖం ఎందుకు?

వండిన భోజనం, చేతికి నగదు

పొయ్యి లేనివాళ్లకు, రోడ్డు మీద నడిచిపోయేవాళ్లకు, లేవలేని రోగికి వండిన భోజనమే దిక్కు. మిగతా ఇళ్లకు అది ఖరీదైన మార్గం, ఒక్క పూట తప్పితే ఆకలి కూడా. ఇందులో ప్రమాదమంతా సమయంలోనే ఉంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. పెద్ద గుండిగలో ఉన్నది పైన చల్లారినట్టు కనిపించినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. ఉదయం పదికి వండి మధ్యాహ్నం రెండింటికి చివరి ఇంటికి చేర్చే సేవను, ఎంత రుచిగా ఉన్నా, మేము సిఫారసు చేయం. వంట రెండు విడతలుగా చేయాలి, లేదా దూరపు ఇళ్లకు ముందు పంపాలి. ప్యాకెట్ మీద వండిన వేళ రాయాలి.

దుకాణాలు తెరిచి ఉండి సరుకు దొరుకుతున్న చోట నగదే మేలు. ఇంటికి ఏది తక్కువో ఇంటివాళ్లకే తెలుసు: అద్దె, మందులు, ఫోన్ రీచార్జ్, పాలు. సరుకు కొని, మోసి, పంచే ఖర్చు కూడా మిగులుతుంది. చిక్కులు వేరే చోట వస్తాయి. ఖాతా పేరుకూ గుర్తింపు కార్డులోని పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉంటే డబ్బు తిరిగొస్తుంది. చాలాకాలం వాడని ఖాతా నిద్రపోయి ఉంటుంది. ముసలివాళ్ల వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టదు. ఇంట్లో ఫోన్ ఒక్కటే, అది మగమనిషి జేబులో ఉంటుంది. పెద్ద మొత్తం పంపేముందు అతి చిన్న మొత్తం పంపి, అందిందా అని ఫోన్ చేసి అడిగే సేవ నమ్మదగినది. దుకాణాలు మూతపడ్డ చోట, ధరలు రోజురోజుకూ ఎగబాకుతున్న చోట మాత్రం సరుకే ఇవ్వాలి.

మందుల చేరవేత చిన్న పనిలా కనిపిస్తుంది, ప్రాణాలు కాపాడేది మాత్రం తరచూ అదే. షుగర్, బీపీ, మూర్ఛ, టీబీ మందులు ఆగిపోతే కోవిడ్ సోకకపోయినా మనిషి ఆస్పత్రి పాలవుతాడు. పేరు ఫోన్‌లో విని రాసుకోకూడదు. చీటీని, పాత స్ట్రిప్‌ను ఫొటో తీయించుకోవాలి. పేరొక్కటే అయినా మిల్లీగ్రాములు వేరుగా ఉంటాయి. మూడు రోజుల మందు మిగిలి ఉండగానే కొత్తది అందాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసు ముక్కకు ఆనుకుంటే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది, అందుకే మధ్యలో గుడ్డ చుట్టాలి.

ఆక్సిజన్ అరువు

అన్నిటికంటే ఎక్కువ ఆశ పెట్టుకునే సేవ, అన్నిటికంటే ఎక్కువ శిక్షణ కావలసిన సేవ ఇదే. ముందు పల్స్ ఆక్సీమీటర్, అంటే వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతమో చూపేది. చిన్న పరికరం, అరువివ్వడం తేలిక, కానీ వాడే పద్ధతి చెప్పకుండా ఇస్తే అనవసర భయమో, ఉత్త ధీమానో మిగులుతుంది. రోగి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. గోళ్ల రంగు తుడిచేయాలి. చూపుడు వేలికో మధ్య వేలికో పెట్టి, అంకె కదలకుండా నిలిచేదాకా నిమిషం పాటు ఆగాలి. రోజుకు మూడుసార్లు వేళతో సహా రాయాలి. 94 లేదా అంతకు తగ్గితే వైద్యుడికి ఫోన్. 90 కంటే తక్కువైతే తీవ్ర వ్యాధి, ఆస్పత్రికి బయలుదేరాల్సిందే. మనిషి మామూలుగా మాట్లాడుతున్నా సరే, ఎందుకంటే ఈ జబ్బులో ఆయాసం కంటే ముందు అంకె పడిపోవచ్చు. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో పరికరం ఉన్నదానికంటే ఎక్కువ చూపే ప్రమాదం ఉంది, కాబట్టి హద్దు మీద ఉన్న అంకెను నమ్మి ఊరుకోకూడదు. పరికరం లేకపోతే నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో 30 దాటితే అది కూడా అత్యవసరమే.

కాన్సన్‌ట్రేటర్ ఆక్సిజన్‌ను తయారు చేయదు. గదిలోని గాలిలో ఉన్న 21 శాతాన్ని చిక్కబరుస్తుంది. లోపలి జియోలైట్ అనే పదార్థం నైట్రోజన్‌ను పట్టుకుంటే 90 శాతం పైబడిన ఆక్సిజన్ బయటకు వస్తుంది. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే యంత్రాన్ని అంతకు మించి తిప్పితే ధార పెరుగుతుంది గానీ చిక్కదనం పడిపోతుంది. శుద్ధత 82 శాతం కంటే తగ్గితే అలారం మోగాలి. అలారం లేని యంత్రాన్ని మేమైతే అరువు సేవలో పెట్టం. గోడకూ కర్టెనుకూ కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి, లేదంటే వేడెక్కి ఆగిపోతుంది. గాలి ఫిల్టర్‌ను వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాలి. ఆక్సిజన్‌కు తేమ కలిపే సీసాలో డిస్టిల్డ్ నీళ్లు, రోజూ మార్చాలి.

"యంత్రం తిరుగుతోంది, గాలి రావడం లేదు" అన్న ఫోను తరచూ వస్తుంది. చాలాసార్లు కారణం తేమ సీసా మూత వంకరగా బిగుసుకోవడం. సీసాలో బుడగలు వస్తున్నా రోగికి అందకపోతే మూత తీసి తిన్నగా బిగించాలి. బుడగలే రాకపోతే గొట్టం మంచం కాలి కింద నలిగి ఉండవచ్చు. ముక్కు గొట్టం చివర్లను గ్లాసు నీళ్లలో ముంచితే బుడగలు కనబడాలి, ఇంటివాళ్లంతట వాళ్లే చేసుకోగల పరీక్ష ఇది. పొయ్యి, దీపం, బీడీ ఉన్న గదిలో ఆక్సిజన్ వాడకూడదు.

5 లీటర్ల యంత్రానికి సుమారు 350 వాట్ల కరెంటు కావాలి. కరెంటు పోతే? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా యంత్రం ఒక్కటే ఇచ్చి వెళ్లిపోవడం ప్రమాదం. తోడుగా సిలిండరు ఉండాలి, అది ఎంతసేపు వస్తుందో ఇంటివాళ్లకు తెలియాలి. సిలిండరు నీటి పరిమాణాన్ని, అంటే అందులో ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో ఆ అంకెను, గేజి చూపే పీడనం (బార్) అంకెతో గుణించండి. 10 లీటర్ల సిలిండరు 150 బార్ దగ్గర 1,500 లీటర్లు. నిమిషానికి 5 లీటర్లయితే 5 గంటలు, 2 లీటర్లయితే పన్నెండున్నర గంటలు. ఆఖరి చుక్క దాకా ఆగకుండా పావు వంతు ఉండగానే మారు సిలిండరుకు ఫోన్ చేయాలి. రెగ్యులేటర్‌కు నూనె, గ్రీజు తగలనివ్వకూడదు, నిప్పు అంటుకుంటుంది. ఎంత ధార పెట్టాలో వైద్యుడే చెప్పాలి. పాత ఊపిరితిత్తుల జబ్బున్న కొందరికి ఎక్కువ ఆక్సిజన్ హాని చేస్తుంది. ఆస్పత్రిలో మంచం దొరికేదాకా ఆదుకునేది ఈ సేవ, ఆస్పత్రికి ప్రత్యామ్నాయం కాదు. ఆ మాట చెప్పకుండా యంత్రం ఇచ్చే సేవకు మేము మార్కులు వేయం.

తిరిగి రాబట్టుకోవడం దగ్గరే చాలా సేవలు కుంటుపడతాయి. రోగి కోలుకున్నా "మళ్లీ అవసరమైతే" అన్న భయంతో యంత్రం మూలన ఉండిపోతుంది. కాన్సన్‌ట్రేటర్లకు సాధారణంగా గంటల మీటరు ఉంటుంది. ఇచ్చేటప్పుడు ఆ అంకె రాసుకుని, మూడు రోజులకోసారి ఫోన్‌లో అడిగితే వాడుతున్నారా లేదా తెలిసిపోతుంది. "మళ్లీ కావాలంటే మీదే ముందు వరుస" అని చీటీ రాసిస్తే వెనక్కి ఇవ్వడానికి మనసు ఒప్పుకుంటుంది. వచ్చాక ముక్కు గొట్టం పారేసి, తేమ సీసా శుద్ధి చేసి, పైభాగం తుడిచి మరొకరికివ్వాలి. రోగులు తగ్గాక కూడా యంత్రాన్ని గదిలో పడేయకుండా నెలకోసారి తిప్పాలి. తేమ పీల్చుకుంటే జియోలైట్ చచ్చిపోతుంది, రెండో ఉప్పెన వచ్చేసరికి పెట్టె మాత్రమే మిగులుతుంది.

ఫోన్ పలకరింపు

ఖర్చు దాదాపు లేని సేవ, అందరూ చివరన పెట్టే సేవ. ఒంటరి వృద్ధులకు, ఇంట్లో మరణం జరిగిన కుటుంబాలకు రోజూ ఒకే గొంతు ఫోన్ చేయడం ముఖ్యం. రోజుకో కొత్త వలంటీరు చేస్తే మొదటినుంచీ చెప్పుకోలేక "బాగానే ఉన్నాం" అని పెట్టేస్తారు. "ఏమైనా కావాలా?" అన్న ప్రశ్నకు మొహమాటంతో వద్దనే అంటారు. "ఇంకా ఎన్ని పూటలకు సరుకుంది?" అని అడిగితే అంకె వస్తుంది.

తలుపులు మూసి ఉన్న ఇళ్లలో కొట్టే చేతులు కూడా లోపలే ఉంటాయని మరవకూడదు. ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు స్పీకర్ ఆన్‌లో ఉందనే అనుకుని మొదలుపెట్టాలి. "ఇప్పుడు మాట్లాడటానికి వీలుందా?" వంటి, అవును కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే వేయాలి. మొదటి కాల్‌లోనే ఒక మామూలు మాటను గుర్తుగా చెప్పి ఉంచాలి, సరుకుల్లో ఫలానా వస్తువు రాలేదంటే సాయం కావాలని అర్థం అన్నట్టు. ఆ మాట వినబడితే వలంటీరు తనంతట తాను ఆ ఇంటికి పరిగెత్తకూడదు, సందేశం కూడా పంపకూడదు, ఫోన్ ఎవరి చేతిలో ఉందో తెలియదు. శిక్షణ పొందిన సహాయ కేంద్రానికి చెప్పాలి, మళ్లీ ఏ వేళకు ఫోన్ చేస్తే ఆమె ఒంటరిగా ఉంటుందో అదే కాల్‌లో సరుకుల మాటల మధ్యనే తెలుసుకోవాలి.